కులం గడి ఎవరికి కనిపించాలి?

ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులుగా విభజించి, 15 శాతం రిజర్వేషన్‌ను వరుసగా 1, 9, 5 శాతంగా పంచారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం ధర్నాలు, పాదయాత్రలు, కమిషన్లు, న్యాయస్థానాల మెట్లు దాటుకుంటూ ఇక్కడిదాకా రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. గెజిట్‌లో అచ్చయిన ఆ చట్టం విశ్వవిద్యాలయంలోకి ఏ గుమ్మం గుండా ప్రవేశిస్తుందన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. దరఖాస్తు చేసే విద్యార్థి కంప్యూటర్ తెరపై ‘కేటగిరీ’ అన్నచోట నొక్కితే ఒక జాబితా కిందికి జారుతుంది. అందులో ‘ఎస్సీ’ అనే ఒక్క మాట ఉన్నచోట మూడు గ్రూపులు చేరితేనే చట్టం లోపలికి వచ్చినట్లు. చేరకపోతే అది గెజిట్‌లోనే ఉండిపోతుంది.

జాబితా మార్చడంతోనే పని అయిపోదు. పాత కుల ధ్రువపత్రాల్లో కులం పేరు ఉంటుంది, గ్రూపు ఉండదు. విశ్వవిద్యాలయాల కంప్యూటర్ రికార్డుల్లో, నేను చూసినంతవరకు, కులం పేరు కూడా ఉండదు. ‘ఎస్సీ’ అని రెండక్షరాలే ఉంటాయి. అంటే గత పదేళ్లలో ఏ గ్రూపు విద్యార్థులు ఏ కోర్సుల్లో చేరారు, వారిలో ఎందరు పట్టా చేతపట్టుకుని వెళ్లారు అని ఇవాళ అడిగితే ఆ రికార్డుల నుంచి జవాబు రాదు. వర్గీకరణ వల్ల ఎవరికి ఎంత మేలు జరిగిందని మరో పదేళ్ల తర్వాత అడిగినా, పోల్చి చూసుకోవడానికి పాత లెక్క దొరకదు.

ఈ గడులను ఎవరు రాయాలి, ఎవరు మార్చాలి, ఎవరు చూడాలి అన్నవి సాంకేతిక నిపుణులకు వదిలేసే ప్రశ్నలు కావు. వీటికి జవాబు విశ్వవిద్యాలయాల ‘సమాచార సాంకేతిక ప్రణాళిక’లో ఉండాలి. కొత్త విద్యా విధానం, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, డిజిలాకర్, న్యాక్ గుర్తింపు వంటి కారణాలతో ఇప్పుడు ప్రతి విశ్వవిద్యాలయమూ ఇలాంటి ప్రణాళిక ఒకటి తయారుచేసుకుంటోంది. ఒక విశ్వవిద్యాలయం కోసం తయారైన ముసాయిదాను పరిశీలించే సంఘంలో నేనూ ఉన్నాను. సర్వర్లు, కేబుళ్లు, సైబర్ భద్రత, స్మార్ట్ తరగతి గదులు, ముఖం గుర్తించే హాజరు యంత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. అన్ని పేజీలలోనూ కులం ప్రస్తావన ఒక్కచోటే వచ్చింది. విద్యార్థి వివరాల పట్టికలో పుట్టిన తేదీకీ, రక్తం గ్రూపుకూ నడుమ ఒక గడి. ముసాయిదా రాసిన సలహాదారుడిని నేను తప్పుపట్టడం లేదు. అతనికి అది గడే. ఆ గడి మీద ఎవరి బతుకు ఎలా ఆధారపడి ఉందో చెప్పాల్సినవాళ్లం మేము.

ఆ గడి ఎంత తరచుగా మారుతోందో ముందు చూద్దాం. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం కోటా తెలంగాణలో 2021లో అమలైంది. ఎస్టీల కోటా 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2025లో ఎస్సీ గ్రూపులు వచ్చాయి. అదే ఏడాది మార్చిలో బీసీలకు 42 శాతం కోటా బిల్లులను శాసనసభ ఆమోదించింది. అవి అమలైన రోజున పట్టిక మొత్తం మళ్లీ తిరగరాయాలి. దీనికి తోడు బీసీల్లో ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపులు, స్థానిక-స్థానికేతర విభజన, మహిళలకూ దివ్యాంగులకూ అన్ని వర్గాల్లోనూ అడ్డంగా వర్తించే కోటాలు ఉన్నాయి. ఐదే ఐదు కేటగిరీలను ఊహించుకుని ఎక్కడో తయారైన రెడీమేడ్ ప్యాకేజీని కొనుక్కొస్తే ఇందులో సగం ఇమడదు. ఇమడనిదంతా చివరికి ఒక గుమస్తా దగ్గరున్న ఎక్సెల్ పట్టికలోకి పోతుంది. రాజ్యాంగం ఇచ్చిన హక్కు అలా ఒక ఉద్యోగి ఓపిక మీదా, జ్ఞాపకశక్తి మీదా ఆధారపడే స్థితికి వస్తుంది. టెండరు పత్రంలో ‘రిజర్వేషన్ నియమాలు మారినప్పుడు ఇన్ని రోజుల్లో, అదనపు రుసుము లేకుండా మార్చి ఇవ్వాలి’ అని ఒక షరతు రాసుకుంటే చాలావరకు తప్పే గొడవ ఇది. ఎందుకు రాసుకోమో నాకు అర్థం కాదు.

ఇక అసలు విషయం. మన విశ్వవిద్యాలయాల్లో ఒక్కో విద్యార్థి కులం అందరికీ కనిపిస్తుంది. సంస్థ కులపరంగా ఎలా నడుచుకుంటోందో ఎవరికీ కనిపించదు. ఉండాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి.

మొదటిది చూడండి. నామినల్ రోల్‌లో పేరు పక్కన కేటగిరీ ఉంటుంది. అది పరీక్షల విభాగానికి వెళ్తుంది, హాస్టల్ వార్డెన్‌కు వెళ్తుంది, విభాగాధిపతికి వెళ్తుంది, అక్కడి నుంచి హాజరు పట్టీగా మారి తరగతి గదిలోకి వస్తుంది. ఉపకారవేతనాలకు అర్హుల జాబితా కులంతో, ఫోన్ నంబరుతో, ఒక్కోసారి బ్యాంకు ఖాతా నంబరుతో సహా వాట్సాప్ గ్రూపులో పడుతుంది. మౌఖిక పరీక్ష మార్కుల పత్రంలో అభ్యర్థి పేరు పక్కనే కేటగిరీ ముద్రించి పరీక్షకుల చేతికి ఇస్తారు. మార్కులు వేయడానికి పరీక్షకుడికి ఆ సమాచారం ఎందుకు? అడిగితే, ‘ఫార్మాట్ అలాగే ఉంది మేడం’ అనే జవాబు వస్తుంది.

సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో చదువుకున్నదాన్ని కాబట్టి జాబితాలో పేరు చూసుకోవడం నాకు కొత్త కాదు. 1990లలో మా కళాశాలలో ఆ జాబితాను నోటీసు బోర్డుకు అంటించేవారు. దాని ముందు నిలబడి పేరు వెతుక్కుంటుంటే వెనుక నుంచి వెళ్లేవాళ్ల చూపులు వీపుకు తగిలేవి. కానీ ఆ కాగితం వారం పది రోజుల్లో వానకు తడిసో గాలికి చిరిగో పోయేది. వాట్సాప్‌లో పడిన ఎక్సెల్ ఫైలు చిరగదు. పట్టా తీసుకుని, ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకుని, మరో ఊళ్లో ఇల్లు అద్దెకు వెతుక్కునే రోజున కూడా అది ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది.

తరగతిలో విద్యార్థుల కులాన్ని వెల్లడించడం, రిజర్వ్‌డ్ అభ్యర్థులని ముద్ర వేయడం వివక్షేనని 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు చెబుతున్నాయి. నోటితో చెప్పడమే నేరమైతే తెరమీద చూపడం ఏమవుతుంది? వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కాపాడుతుందనుకుంటే అక్కడా నిరాశే. 2019 నాటి బిల్లులో కులం, తెగ ‘సున్నితమైన వ్యక్తిగత సమాచారం’ జాబితాలో ఉండేవి. 2023లో చట్టమై వచ్చేసరికి ఆ జాబితానే ఎగిరిపోయింది. ఇప్పుడు చట్టం దృష్టిలో ఒక విద్యార్థి కులానికీ, ఆమె ఇష్టపడే ఆటకూ తేడా లేదు. చట్టం వదిలేసిన రక్షణను విశ్వవిద్యాలయం తన ప్రణాళికలోనే రాసుకోవాలి. ప్రవేశాల విభాగానికి ప్రవేశాల సమయంలో, ఉపకారవేతనాల విభాగానికి ఆ పని మేరకు మాత్రమే కులం గడి తెరుచుకోవాలి. తెరిచిన ప్రతిసారీ ఎవరు తెరిచారో, ఏ రోజు తెరిచారో నమోదు కావాలి. బోధించేవారికీ, దిద్దేవారికీ, మౌఖిక పరీక్ష నిర్వహించేవారికీ అది అసలు కనిపించకూడదు. ఇదంతా ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా సాధ్యమే. అనుమతుల అమరిక అంటారు దాన్ని. ఆర్థిక వివరాలకు ఎప్పటి నుంచో వాడుతున్నాం. జీతాల పట్టీ దారినపోయేవారికి కనిపించదు కదా.

ఇక రెండో సగం. మన విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చేరిన ఎస్టీ అమ్మాయిల్లో మూడో సంవత్సరం పరీక్ష రాసేవారు ఎందరు? హాజరు చాలదని నిలిపివేసినవారిలో ఏ వర్గాల విద్యార్థులు ఎందరు? పీహెచ్‌డీ సమర్పించాక మౌఖిక పరీక్ష తేదీ రావడానికి ఒక్కో వర్గం విద్యార్థికి సగటున ఎన్ని నెలలు పడుతోంది? పునర్మూల్యాంకనంలో మార్కులు పెరిగినవారు ఎవరు? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ నేను జవాబు రాబట్టలేకపోయాను. సమాచారం లేక కాదు. హాజరు ఒక సాఫ్ట్‌వేర్‌లో, మార్కులు మరొకదానిలో, ఫీజులు ఇంకొకదానిలో ఉన్నాయి. మూడింటిలోనూ ఒకే విద్యార్థికి మూడు నంబర్లు. కేంద్రం ఏటా జరిపే ఉన్నత విద్య సర్వేకు కేటగిరీలవారీగా ఎందరు చదువుతున్నారో తలల లెక్క కట్టి పంపుతాం. నిరుడు ఉన్న తల ఈ ఏడు ఏమైందో ఆ లెక్కలో రాదు.

లెక్క తీస్తే ఏమవుతుందో తెలియాలంటే జేఎన్‌యూను చూడాలి. పరిశోధన కోర్సుల ప్రవేశాల్లో మౌఖిక పరీక్షకు అక్కడ 30 మార్కులు ఉండేవి. ఆ మార్కుల్లో వివక్ష ఉందని విద్యార్థులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. ఆరోపణగా ఉన్నంతకాలం ఎవరి అనుభవం వారిదే. అబ్దుల్ నఫే కమిటీ కొన్నేళ్ల ప్రవేశాల రికార్డులు తీసి, రాత పరీక్ష మార్కులనూ మౌఖిక పరీక్ష మార్కులనూ వర్గాలవారీగా పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటికీ మధ్య తేడా ఒక వరుసలో సాగుతోందని, వివక్ష జరుగుతోందనడానికి అది సూచన అని 2016లో నివేదిక ఇచ్చింది. మౌఖిక పరీక్షను 15 మార్కులకు తగ్గించాలని సిఫారసు చేసింది. సిఫారసుల గతి ఏమైందన్నది వేరే కథ. రాత మార్కులు, మౌఖిక మార్కులు, కేటగిరీ ఒకేచోట భద్రంగా ఉండబట్టే ఆ మాట అనగలిగారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఒక కమిటీ రేపు అదే పని చేయబోతే ముందు కాగితాల కట్టలు విప్పుకోవాలి. అవి కూడా ఉంటే.

ప్రవేశాల సంగతి ఇంకా సున్నితమైనది. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు చాలావరకు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నాయి. అంతకుముందు ప్రతి కళాశాల గుమ్మంలోనూ క్యూ కట్టాల్సిన బాధ, ప్రిన్సిపాల్ గది బయట సిఫారసు చీటీల బేరం చూసినవారికి దాని విలువ తెలుసు. నేను ఆన్‌లైన్‌కు వ్యతిరేకిని కాను. పెత్తందారుల చేతిలోని సీటును యంత్రం లాక్కోవడం మంచిదే. కానీ యంత్రం ఏ లెక్క ప్రకారం సీటు పంచుతోందో మనకు తెలియాలి కదా.

ఈ లెక్క పైకి కనిపించేంత సులువు కాదు. మంచి మార్కులతో ఓపెన్ సీటుకు అర్హత పొందిన బీసీ అభ్యర్థి, తన కోటాలో ఇంకా మంచి కళాశాల దొరికితే అటు జరుగుతుంది. అప్పుడు ఆమె ఖాళీ చేసిన ఓపెన్ సీటు ఎవరికి చెందుతుంది? ఓపెన్ జాబితాలోని తర్వాతి అభ్యర్థికా, బీసీ జాబితాలోని తర్వాతి అభ్యర్థికా? వైద్య విద్య ప్రవేశాల్లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఉమ్మడి రాష్ట్రంలో 2001లో 550 నంబరు జీవో వచ్చింది. దాని అమలుపై బీసీ సంఘాలు ఎన్నిసార్లు రోడ్డెక్కాయో, ఎన్ని కేసులు నడిచాయో ఈ పేజీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరప్రదేశ్ కానిస్టేబుళ్ల నియామకాలకు సంబంధించిన సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఇంకో చిక్కు విప్పింది. మహిళల ఓపెన్ కోటా అంటే అగ్రకులాల మహిళల కోటా కాదని, ఎక్కువ మార్కులు వచ్చిన వెనుకబడిన వర్గాల మహిళలను అందులో లెక్కించాల్సిందేనని చెప్పింది. ఈ తీర్పును సాఫ్ట్‌వేర్‌లో ఏ వరుసలో అమలు చేశారన్న దాన్నిబట్టి సీట్లు ఇటో అటో మారిపోతాయి. ముందు ఓపెన్ నింపి తర్వాత కోటా నింపాలా, మహిళల లెక్క ఎప్పుడు సరిచూడాలి అన్నవి ఒకప్పుడు ప్రవేశాల కమిటీ కూర్చుని, గొడవపడి, మినిట్స్‌లో రాసుకున్న నిర్ణయాలు. ఇవాళ అవి ప్రోగ్రాము రాసే కుర్రవాడి చేతిలో ఉన్నాయి. అతను తప్పు చేశాడని నేను అనడం లేదు. ఒప్పు చేశాడో లేదో చూసే వీలు మనకు లేదంటున్నాను.

ఐఐటీ, ఎన్‌ఐటీల ఉమ్మడి ప్రవేశాలు 2015 నుంచి జోసా పేరుతో జరుగుతున్నాయి. సీట్ల కేటాయింపు నియమాలను వారు ఏటా ముందుగానే పత్రంగా ప్రచురిస్తారు. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో దాన్ని రూపొందించిన ఆచార్యులే పరిశోధన వ్యాసంగా రాశారు. ఐఐటీల సామాజిక రికార్డు మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. ఈ ఒక్క విషయంలో వారిని అనుసరించడానికి నామోషీ పడనక్కర్లేదు. కేటాయింపు నియమాలు తెలుగులో, ఉదాహరణలతో ప్రచురించాలి. పది పన్నెండు కల్పిత అభ్యర్థుల వివరాలిచ్చి ఎవరికి ఏ సీటు రావాలో ముందే చేత్తో లెక్కగట్టి, యంత్రం అదే జవాబు ఇస్తోందో లేదో విద్యార్థి సంఘాల ముందు, ఎస్సీ, ఎస్టీ, బీసీ ఉద్యోగ సంఘాల ముందు పరీక్షించాలి. ఒక పూట పని.

తనిఖీ లేకపోతే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు చూశాం. తెలుగులో 99 మార్కులు వచ్చిన అమ్మాయి మెమోలో సున్నా పడింది. పొరపాటు దిద్దినచోటే జరిగి ఉండవచ్చు. మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసిన పిల్లకు మాతృభాషలో సున్నా ఎందుకొచ్చిందని మధ్యలో ఏ మనిషీ, ఏ యంత్రమూ ఆగి అడగలేదు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక, తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ సరిచూశారు. ఆ పిల్లలు ఎవరి పిల్లలు, ఏ ఊళ్ల పిల్లలు అన్నది ఏ నివేదికలో లెక్కకు వచ్చిందో నాకు కనిపించలేదు.

ఫోను, ఇంటర్నెట్ అందుబాటు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతమే, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజం. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఆడపిల్ల చేతిలో ఉండటం వేరు. దోస్త్‌కు ఆధార్‌తో అనుసంధానమైన ఫోన్ నంబరు కావాలి. ఆ నంబరు తండ్రిది; తండ్రి ముంబయిలోనో భివండీలోనో పనిలో ఉంటాడు. ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్తుంది, ఆయన పని దిగి చూసుకునేసరికి గడువు దాటుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో మొదటి విడత నమోదుకు 200 రూపాయలు, తర్వాతి విడతలకు 400 తీసుకుంటున్నారు. ఆలస్యంగా వచ్చేవారు ఎవరు? సప్లిమెంటరీలో గట్టెక్కినవారు, ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరిగినవారు, వలస పోయి వచ్చినవారు. వెనుకబడినందుకు రెట్టింపు రుసుము. డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. దృష్టిలోపం ఉన్నవారు, యాసిడ్ దాడి బాధితులు ముఖ ధ్రువీకరణతో పడుతున్న ఇబ్బందుల మీద వచ్చిన తీర్పు అది. ముఖం గుర్తించే హాజరు యంత్రాలు కొనబోయే విశ్వవిద్యాలయాలు ఒకసారి చదవాలి.

వీటన్నిటికంటే నన్ను కలచివేసేది ఫీజు బకాయి గడి. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల ఫీజును ప్రభుత్వం చెల్లిస్తుంది. విద్యార్థి ఈ-పాస్‌లో దరఖాస్తు చేస్తుంది, కళాశాల ధ్రువీకరిస్తుంది, ప్రభుత్వం మంజూరు చేస్తుంది. డబ్బు రావడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు తరగతులు మూసేసిన సందర్భాలూ చూశాం. ఈ లోపల సాఫ్ట్‌వేర్‌లో ఏం కనిపిస్తుంది? విద్యార్థిని పేరు ఎదురుగా ఎర్ర అక్షరాలతో ‘బకాయి’. దాని ఫలితంగా హాల్ టికెట్ డౌన్‌లోడ్ కాదు, మెమో రాదు, టీసీ రాదు. ఉద్యోగం వచ్చిన పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం అప్పు చేసి, ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు తానే కట్టుకోవాల్సి వస్తుంది. బాకీ ప్రభుత్వానిది, ఎగవేతదారు అన్న పేరు దళిత విద్యార్థినికి.

ఒక సాయంత్రం మా విభాగం విద్యార్థి ఒకరు ‘మేడం, నేను కట్టాల్సింది ఏమీ లేదు కదా, మరి నా పేరు ఎర్రగా ఎందుకుంది?’ అని అడిగాడు. కంప్యూటర్ విభాగానికి వెళ్లి ఆపరేటర్‌ను అడిగాను. ‘బకాయి ఎవరిదో చెప్పే గడి ఇందులో లేదు మేడం. మొత్తం సున్నా అయితేనే తలుపు తెరుచుకుంటుంది’ అన్నాడు. కావాల్సింది ఒక్క గడి. చెల్లించాల్సినవారు విద్యార్థా, ప్రభుత్వమా అని నమోదు చేసుకుని, ప్రభుత్వ బకాయి ఎంతున్నా హాల్ టికెట్, మెమో, టీసీ ఆగకుండా చేయడం. దీనికి కొత్త సర్వరు అక్కర్లేదు. ఈ ఎర్ర అక్షరాల వెనుక ఒక వాస్తవం కూడా ఉంది: నిధుల్లేని విశ్వవిద్యాలయానికి, సర్కారును నిలదీయలేనప్పుడు విద్యార్థిని నిలదీయడం తేలిక. సాఫ్ట్‌వేర్ ఆ తేలిక దారికి తాళం చెవి అయింది.

ఆ ఆపరేటర్ గురించీ రెండు మాటలు చెప్పాలి. ఎం.సి.ఏ. చదివాడు. ఎన్నో ఏళ్లుగా ఏజెన్సీ ద్వారా పనిచేస్తున్నాడు. ఏజెన్సీ మారినప్పుడల్లా అతని సర్వీసు మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఒకప్పుడు మంజూరైన ప్రోగ్రామరు, సిస్టమ్ ఎనలిస్టు పోస్టులు భర్తీ కాక ఖాళీగా ఉన్నాయి. ఆ పోస్టులుంటే రోస్టర్ ఉండేది, రోస్టర్ ఉంటే ఫలానా పాయింటులో ఫలానా వర్గం అభ్యర్థి వచ్చేవాడు. ఔట్‌సోర్సింగ్‌లో రోస్టర్ ప్రసక్తే లేదు. అధ్యాపక పోస్టులకు విభాగాన్ని యూనిట్‌గా తీసుకునే 13 పాయింట్ల రోస్టర్ మీద దేశమంతా కదిలితే 2019లో పార్లమెంటు చట్టం చేసి కేంద్ర విద్యాసంస్థల్లో దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. రిజర్వేషన్లను నడిపే యంత్రాన్ని నడిపేవారి నియామకంలో రిజర్వేషన్ లేకపోవడం మీద అలాంటి కదలిక ఇంకా రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం కార్పొరేషన్ పెట్టి, ఆ నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు వాటా ఇస్తామన్నారు. దాని అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, ఔట్‌సోర్సింగ్‌కు రిజర్వేషన్ వర్తించడం అసాధ్యమన్న వాదన ఇక చెల్లదు.

కులం లెక్కలు తీస్తే కులం బలపడుతుందని సంఘంలో ఒకరు అన్నారు. ఇది పాత వాదన. గడి తీసేసినా ఇంటిపేరు పోదు, ఊరు పోదు, హాస్టల్ పోదు, యాస పోదు. నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఒక గిరిజన పరిశోధక విద్యార్థి అడిగిన ప్రశ్న. ‘మా విభాగంలో ఎస్టీని నేనొక్కడినే. ఎస్టీల సగటు మార్కులు అని మీరు ప్రచురిస్తే అవి నా మార్కులే కదా?’ అన్నాడు. నిజమే. అందుకే పది మందికి తక్కువ ఉన్నచోట విభాగాలవారీ అంకెలు బయటపెట్టకుండా, ఫ్యాకల్టీ మొత్తానికో విశ్వవిద్యాలయం మొత్తానికో కలిపి చెప్పాలన్న నియమం ప్రణాళికలో ఉండాలి. ఆ లెక్కలు తయారుచేసే బాధ్యత, నిబంధనల ప్రకారం ఉండాల్సిన సమాన అవకాశాల విభాగానికి ఇవ్వాలి. ఇవాళ చాలాచోట్ల ఆ విభాగమంటే ఒక బోర్డు, ఒక అదనపు బాధ్యతల అధికారి.

ముసాయిదాపై చివరి సమావేశంలో నేనూ, మరో ఇద్దరు సహోద్యోగులూ ఐదు సవరణలు పెట్టాం. మౌఖిక పరీక్ష పత్రం నుంచి కేటగిరీ గడిని తీసేయడానికి అందరూ ఒప్పుకున్నారు. ఫీజు బకాయి గడిని రెండుగా విడదీసే విషయంలో ఆర్థిక విభాగం అభిప్రాయం కోరారు. సీట్ల కేటాయింపు నియమాలను తెలుగులో ప్రచురించడం, వర్గాలవారీ వార్షిక నివేదికను పాలకమండలి ముందుంచడం, కంప్యూటర్ సిబ్బంది నియామకాలకు రోస్టర్ వర్తింపజేయడం అనే మూడూ ‘రెండో దశలో పరిశీలించదగినవి’ అనే శీర్షిక కిందికి వెళ్లాయి. రెండో దశ ఎప్పుడన్నది ముసాయిదాలో లేదు. కొత్త ప్రవేశాల ప్రకటన మాత్రం వేసవిలోనే వచ్చేస్తుంది.